నొప్పి తెలియని కాలు

తమిళనాడులోని చిన్నమనూరు ద్రాక్షతోటల్లో పనిచేసే ఆడవాళ్లలో సౌందరం చేతికి ఒక పేరుంది. గుత్తిలో కుళ్లిన పండు ఒక్కటుంటే, పక్క పండుకు కత్తెర మొన కూడా తగలకుండా దాన్ని మాత్రం తీసేస్తుంది. నలభై ఏళ్లుగా అదే పని. పందిరి కింద చేతులూ తలా పైకెత్తి నిలబడీ నిలబడీ, ఇంట్లో కూచున్నప్పుడు కూడా ఆమె మెడ కాస్త వెనక్కి వాలే ఉంటుంది.

ఆ చేతికే ఇంకో పని కూడా వచ్చి పడింది. తోటలో నీళ్లు పారిన మట్టిలో రోజంతా తిరిగేవాళ్లకు కాలి బొటనవేలి గోరు పక్కకు ఒరిగి కండలోకి దిగుతుంది. వేలు వాచిపోతుంది, దుప్పటి తగిలినా ప్రాణం పోయినట్టుంటుంది. అలాంటివాళ్లు సాయంత్రం పని దిగి నేరుగా సౌందరం ఇంటి అరుగు మీదికి వచ్చి కూచునేవాళ్లు. ఆమె గోరువెచ్చని ఉప్పునీళ్లలో కాలు నానబెట్టించేది. గోరు మెత్తబడ్డాక దాని మూలను నెమ్మదిగా పైకి లేపి, సన్నగా పేనిన దూదిపోచను కొబ్బరినూనెలో ముంచి గోటికీ కండకూ మధ్య దూర్చేది. రోజూ ఆ దూది మార్చాలి. గోరు పెరిగి కండ దాటి బయటికి వచ్చేదాకా కత్తిరించకూడదు, వచ్చాక అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. అంతే ఆమె వైద్యం. బ్లేడు పట్టేది కాదు.

అయితే ఆమె చూపు కాలి మీద ఉండేది కాదు, మొహం మీద ఉండేది. కనుబొమ్మ ముడిపడిందా, పెదవి బిగిసిందా, అదే ఆమెకు లెక్క. ఎక్కడ ఆపాలో, ఎటు తిప్పాలో ఎదుటివాళ్ల మొహమే చెప్పేది.

ఆమె తమ్ముడు సత్యరాజ్ బోడినాయకనూరులో, అందరూ బోడి అనే ఊళ్లో, జీపు నడుపుతాడు. యాభై ఒకటో ఏడు. తెల్లవారుజామున ఏలక్కాయ తోటల్లో పనికి పోయే ఆడవాళ్లను ఎక్కించుకుని, పదిహేడు మలుపుల ఘాట్ రోడ్డు ఎక్కి, కొండ మీద దింపి, సాయంత్రం మళ్లీ కిందికి తెస్తాడు. ఇరవై ఆరేళ్లలో బండి మీద ఒక్క గీత కూడా పడనివ్వలేదని అక్కడి జీపు స్టాండులో అందరూ చెప్పుకునేవాళ్లు. ఆ మాటకు తమ్ముడికంటే అక్కకే ఎక్కువ గర్వం.

ఒక ఆదివారం మధ్యాహ్నం అతను బస్సు దిగి అక్క ఇంటికి వచ్చాడు. భోజనం చేశాడు. చేతులు తుడుచుకుంటూ, పెళ్లాం పోరు గురించి ఏదో చిన్న మాట చెప్పినట్టు చెప్పాడు.

"వళ్లి రోజూ ఒకటే గొడవ, అక్కా. సాక్సులో వాసనొస్తాదంట. నీ దగ్గర చూపించుకోనిదే ఇంటికి రావద్దనింది."

"ఆ గోరేనా? నాలుగు నెలల కిందట ఫోన్లో చెప్పినావే, అదేనా?"

"అదే. నువ్వు చెప్పినట్టే ఉప్పునీళ్లు పెట్టుకుంటా ఉండాను. మూల దగ్గర మాత్రం నేనే బ్లేడుతో కొంచెం గుండ్రంగా కోసేసినాను. తొందరగా పోతాదని."

"కొయ్యద్దని చెప్పినాను కదరా!"

"పరవాయిల్లె అక్కా, ఏం కాదులే. నొప్పే లేదు."

నొప్పి లేదంటే మానుతున్నట్టే అనుకుంది సౌందరం. పొయ్యి మీద నీళ్లు కాచి, పొగలు లేస్తుండగానే వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో పోసి అరుగు మీద పెట్టింది. చన్నీళ్లు కలపడానికి చెంబు, ఉప్పు తెద్దామని లోపలికి వెళ్లింది. ఉప్పు జాడీ మూత బిగుసుకుపోయి ఉంది. దాన్ని తిప్పి, గుప్పెడు ఉప్పు తీసుకుని, ఇంకో చేత్తో చెంబు పట్టుకుని బయటికి వచ్చింది.

సత్యరాజ్ గోడకు ఆనుకుని ఫోను చూస్తున్నాడు. కుడికాలు తొట్టిలో ఉంది. చీలమండ దాకా మునిగి ఉంది. అతని మోకాలి మీదుగా ఆవిరి పైకి లేస్తోంది.

ఒక్క క్షణం ఆమెకు ఏమీ అర్థం కాలేదు. నీళ్లు అంతలో చల్లారిపోయాయా అనుకుంది. వంగి వేళ్లు పెట్టింది. చురుక్కుమని చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. చెంబు జారి కిందపడింది.

"కాలు తియ్యరా! తియ్యి!"

"ఏమిటికి అరుస్తావు? నీళ్లు ఇంకా వేడే కాలేదు కదా," అన్నాడతను ఫోను మీంచి తల ఎత్తకుండానే.

ఆమె రెండు చేతులతో అతని పిక్క పట్టుకుని కాలు బయటికి లాగింది. చీలమండ దగ్గర గీత గీసినట్టుంది. గీతకు పైన మామూలు చామనఛాయ చర్మం, కింద ఎర్రగా ఉడికినట్టున్న పాదం. పెరట్లో కొళాయి కిందికి ఈడ్చుకుపోయి, నీళ్లు వదిలి, కాలు దాని కింద పెట్టించింది. కాలు కాలిన మనిషి మాత్రం నిమ్మళంగా రాయి మీద కూచుని, "లుంగీ తడిసిపోయింది చూడు," అంటున్నాడు.

చాలాసేపు నీళ్లు పోశాక ఆమె అతని ఎదురుగా గొంతుక్కూచుంది.

"కండ్లు మూసుకో."

"ఏమిటికి?"

"మూసుకోరా, సుమ్మ ఊరికే వాదన చెయ్యొద్దు."

అతను నవ్వుతూ కళ్లు మూసుకున్నాడు. కుడికాలి చిటికెనవేలిని ఆమె బొటనవేలి గోటితో, చూపుడువేలి గోటితో పట్టి గిల్లింది. గోటి గుర్తులు దిగేంత గట్టిగా గిల్లింది. వదల్లేదు.

"ఏ వేలు పట్టుకున్నాను? చెప్పు."

"ముందర పట్టుకో, అప్పుడు చెప్తాను," అన్నాడు సత్యరాజ్, కళ్లు మూసుకునే.

ఇన్నేళ్లలో ఈ అరుగు మీద ఎన్ని కాళ్లు చూసిందో ఆమెకే తెలీదు. గొణిగినవాళ్లు, ఏడ్చినవాళ్లు, తిట్టినవాళ్లు, ఒకాయనైతే ఆమె జుట్టే పట్టుకున్నాడు. ఏమీ అనని కాలు ఇదొక్కటే. తమ్ముడి కాలు పట్టుకున్నట్టు లేదు, ఎవరో వదిలేసి పోయిన వస్తువును పట్టుకున్నట్టుంది. అప్పుడు బొటనవేలు చూసింది. గోరు మూల కింద కండ నల్లబడి, పక్కనే మెత్తగా చీము. చేసే వైద్యమంతా మర్చిపోయినట్టు చేతులు వెనక్కి తీసుకుంది.

"నేను దీన్ని ముట్టుకోను. ఆసుపత్రికి పోదాం, పద."

"బోడిలో పోతాను. ఇంటి పక్కనే ఉండాది. వళ్లిని తోడు తీసుకుపోతాను."

"ఈ పొద్దే పోవాల."

"ఈ పొద్దే. అమ్మ మీద ఆన."

శుభ్రమైన పాత చీరముక్క వదులుగా చుట్టి, బస్టాండు దాకా వెంటవెళ్లి ఎక్కించింది. బస్సు కదిలాక కూడా అతను కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు, తిరునాళ్లకు పోయేవాడిలాగా.

ఏడు గంటలకు వళ్లికి ఫోన్ చేసింది.

"ఆసుపత్రిలో ఏమన్నారు?"

"ఆసుపత్రా? ఆయన నాతో ఏమీ చెప్పలేదే వదినె. మందు పూసి కట్టు కట్టినావని చెప్పినాడు. పొద్దున ట్రిప్పుందని అప్పుడే పండుకున్నాడు."

ట్రిప్పు. ఆ మాట చెవిలో పడి, లోపలికి దిగడానికి కొంతసేపు పట్టింది. మధ్యాహ్నం నుంచీ ఆమె ఆలోచన అంతా కాలు ఏమైపోతుందో అనే. ఆ కాలు ఏం పని చేస్తుందో ఇంతవరకూ తట్టలేదు. అది కుడికాలు. బ్రేకు మీద ఉండే కాలు. ఏ వేలు గిల్లినా తెలియని కాలు.

"వాడికి ఫోను ఇయ్యి, వళ్లీ. పోనీ నువ్వే చెప్పు, రేపు జీపు తియ్యొద్దని, వండి ముట్టుకోవద్దని చెప్పు."

"నా మాట ఎప్పుడు విన్నాడు వదినె? ఏమయింది?"

చెప్పింది. అంతా విని వళ్లి, "సాక్సులో రక్తముంటే నవ్వేవాడు వదినె," అంది. "చూడు, నాకు తెలీనే లేదు అనేవాడు."

మర్నాడు మొదటి బస్సుకే సౌందరం బయల్దేరింది. ఆమె బోడి జీపు స్టాండులో దిగేసరికి కొండ మీద ఇంకా వెలుగు రాలేదు. జీపుల వరసలో మూడోది తమ్ముడిది. స్వెట్టర్ల మీద పాత చొక్కాలు తొడుక్కుని, తలకు తువ్వాళ్లు చుట్టుకుని, టిఫిన్ డబ్బాలు చేత పట్టుకుని ఆడవాళ్లు ఎక్కుతున్నారు. పదకొండు మంది. అందరిలోకీ పెద్దది రాసాత్తి, ఎప్పుడూ కూచునేచోటే, డ్రైవరు పక్క సీట్లో, అప్పటికే కూచుని ఉంది. సత్యరాజ్ ఇంజను వేసి పెట్టుకున్నాడు. కాలికి మేజోడు తొడిగి, దాని మీద చెప్పు వేసుకున్నాడు.

సౌందరం జీపు ముందు నిలబడింది.

"ఇంజను ఆపు."

"అక్కా? నువ్వేంది ఈడ? జరుగు, టైమయింది."

"ఆపురా!"

ఆమె గొంతుకు పక్క జీపుల డ్రైవర్లు కూడా తల తిప్పి చూశారు. సత్యరాజ్ ఇంజను ఆపాడు. అతని మొహం నల్లబడింది.

"అందరూ దిగండమ్మా. వీడు వండి నడపకూడదు."

"అక్కా, అందరి ముందరా వద్దు," అన్నాడు చిన్నగా. "నీకు మొక్కుతాను. సాయంత్రం ఆసుపత్రికి పోతాను, నిజంగా పోతాను."

చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టినప్పుడు పెట్టే మొహం అది. వెనక్కి తిరిగి పోదామా అని కూడా అనిపించింది. కానీ అతని వెనక సీట్లో పదహారు పదిహేడేళ్ల పిల్ల ఒకతి, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆవలిస్తూ కనిపించింది. సౌందరం పక్కకు వచ్చి, అతని కుడికాలు చేతిలోకి తీసుకుని, మేజోడు కిందికి లాగింది.

నిన్న ఉడికిన చర్మం బొబ్బలెక్కి, మేజోడుకు అంటుకుని ఉంది. మేజోడుతోపాటు అదీ ఊడి వచ్చింది, తడిసిన కాగితంలా. వెనక ఎవరో కెవ్వుమన్నారు. సత్యరాజ్ కాలి వంక చూడలేదు. అక్క వంకే చూస్తున్నాడు, ఆమె ఇంకా మేజోడు తియ్యనట్టే.

"చూసినారా? వాడికి తెలీదు," అంది సౌందరం. ఏడుపు ఆపుకోలేకపోయింది. "నిన్న కాగే నీళ్లలో కాలు పెట్టి ఫోను చూస్తా ఉండినాడు. ఈ కాలికి ఏమీ తెలీదమ్మా. కింద బ్రేకుండాదో యాక్సిలేటరుండాదో కూడా తెలీదు."

రాసాత్తి మెల్లగా అతని వైపు తిరిగింది. అరవై దాటిన మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగదు.

"పోయిన నెల తొమ్మిదో మలుపులో మేక అడ్డమొచ్చిందని చెప్తివి కదా సామీ," అంది. "వండి ఎగిరినట్టయి, గోడకు తగిలేటట్టు పోయి నిలిచిందే ఆ పొద్దు. నేను ముందర్నే కూచోని ఉండినాను. నాకు మేక కనిపించలేదే. ముసలి కండ్లు కదా, కనిపించలేదేమో అనుకున్నాను."

సత్యరాజ్ స్టీరింగు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"కాలు బ్రేకు మీద ఉండాదనుకున్నాను," అన్నాడు. "తొక్కినాను. వండి ఇంకా వేగంగా పోయింది. అప్పుడు కిందికి చూసినాను."

రాసాత్తి కొంగు నడుములో దోపుకుని, కమ్మీ పట్టుకుని కిందికి దిగింది. దిగి, జీపు రేకు మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడింది. ఆమె వెనకే ఒక్కొక్కరే దిగారు. ఆవలిస్తున్న పిల్ల అందరికంటే చివర దిగి, "పెద్దమ్మా, ఆ తర్వాత కూడా మనం రోజూ ఎక్కినామే," అంది.

ఆ రోజు వాళ్లను ఇంకో రెండు జీపుల్లో సర్ది పంపారు. సత్యరాజ్‌ను కబురు విని వచ్చిన వళ్లీ, సౌందరమూ ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ డాక్టరు చారులత, ముప్పై ఏళ్లు కూడా ఉండవు, వేలి చివర రక్తపు చుక్క తీసి చూసి, మిషను తప్పేమోనని మళ్లీ తీసి చూసింది. సుగర్ నాలుగువందల పన్నెండు. ఎన్నేళ్ల నుంచి ఉందని అడిగింది. అతనికి ఉన్నట్టే తెలీదు. ఎక్స్‌రే తీసి, వెలుతురుకు పట్టి, బొటనవేలి ఎముక చివర చెద తిన్నట్టున్న చోటు చూపించింది. చీము ఎముక దాకా పోయింది. ఆ మధ్యాహ్నమే జిల్లా పెద్దాసుపత్రికి పంపారు. నాలుగో రోజు బొటనవేలు తీసేశారు. కాలిన చర్మం మానడానికి రెండున్నర నెలలు పట్టింది.

పెద్దాసుపత్రికి పంపేముందు డాక్టరు తమిళంలో సౌందరాన్ని అడిగింది, ఇంట్లో ఏం వైద్యం చేశారని. సౌందరం దాచకుండా చెప్పింది: ఉప్పునీళ్లు, దూది, నూనె, నాలుగు నెలల కిందట ఫోన్లో తమ్ముడికి చెప్పిన మాటలు అన్నీ.

"మామూలు మనిషికైతే మీరు చేసేదాంట్లో తప్పులేదమ్మా," అంది డాక్టరు. "సుగర్ ఉన్నవాళ్లకు మాత్రం గోరు దిగితే ఇంట్లో ముట్టుకోకూడదు. నరాలు మొద్దుబారి, వాళ్ల కాలు వాళ్లకు ఏమీ చెప్పదు. వేడినీళ్లు, బ్లేడు, దేన్నీ చెప్పదు."

సౌందరం తల ఊపింది. బయట బెంచీ మీదికి వచ్చి కూచున్నాక ఆ మాట ఆమెను పట్టుకుంది. నాలుగు నెలలు. కాలు చూడకుండా, మొహం చూడకుండా, ఫోన్లో వైద్యం చెప్పేసింది. చూసి ఉంటే? ఒక్కసారి గిల్లి ఉంటే? ఆ తర్వాత వీధిలో వాళ్ల మొహాలు ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. ఎంతమందికి సుగర్ ఉందో ఆమె ఏనాడూ అడగలేదు. నొప్పి లేదన్నవాళ్లను చూసి సంతోషించి పంపింది.

ఊరికి వచ్చిన మర్నాటి నుంచే పని దిగాక ఇల్లిల్లూ తిరిగింది. గడప మీద కూచోబెట్టి, కళ్లు మూసుకోమని, ఏ వేలు ముట్టుకున్నానో చెప్పమని అడిగింది. పిల్లలు ఆమెకు పిచ్చి పట్టిందని నవ్వారు. తోటలో మోటారు చూసుకునే అప్పసామి మూడు వేళ్లకు రెండు తప్పు చెప్పాడు. మర్నాడు పని మానుకుని అతణ్ణి తనే డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. అతనికి గాయమేమీ కాకముందే బయటపడింది జబ్బు. ఇప్పటికీ సాయంత్రాలు ఆమె అరుగు మీదికి కాళ్లు వస్తూనే ఉన్నాయి. సుగర్ పరీక్ష చీటీ చూపించనిదే ఆమె నీళ్లు కూడా పెట్టదు.

సత్యరాజ్ మూడు నెలలు అక్కతో మాట్లాడలేదు. వేలు పోయినందుకు కాదు. "స్టాండులో నా పరువు తీసింది," అని వళ్లితో అనేవాడట. జీపు అమ్మేశాడు. ఇప్పుడు ఒక ఏలక్కాయ వ్యాపారి గోదాములో ముక్కాలిపీట మీద కూచుని కాయలు జల్లెడపట్టి రకాలుగా వేరు చేస్తాడు. దారిలో రాసాత్తి ఎదురైతే తల దించుకుంటాడనీ, ఆమే ఆగి, "సాపాటయిందా సామీ?" అని అడిగి పోతుందనీ వళ్లి చెప్పింది.

నాలుగో నెలలో ఒక ఆదివారం చెప్పకుండా వచ్చాడు. ముందు వేళ్లు మూసి ఉండే కొత్త చెప్పులు, మెల్లని నడక. అరుగు మీద కూచున్నాడు. సౌందరం లోపల్నుంచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి, గ్లాసు పక్కన పెట్టి, వీధి వైపు చూస్తూ అన్నాడు:

"నీ మీద కోపం ఇంకా పోలేదు."

"పోవద్దులే. చెప్పులు విప్పు."

విప్పాడు. ఆమె ఎడమకాలు ఒళ్లో పెట్టుకుని, వేళ్ల సందులు ఒక్కొక్కటీ విడదీసి చూసింది. మడమ చూసింది. పాదం తిప్పి అడుగు చూసింది. మధ్యలో ఎర్రగా ఒక గుంట, సెనగగింజంత. చెప్పు తీసుకుని బోర్లించి అరుగు మీద తట్టింది. కంకరరాయి ముక్క ఒకటి టక్కున రాలింది.

ఇద్దరూ దాన్నే చూశారు.

"ఎప్పుడు తొడుక్కున్నావు ఇవి?"

"పొద్దున. ఆరింటికి," అన్నాడు సత్యరాజ్. "గుడికి పోయి, బస్టాండుకు నడిచి... ఈ కాలు కూడానా అక్కా?"

సౌందరం ఆ ఎర్రటి గుంట మీద అరచెయ్యి అదిమి పట్టుకుని అలాగే కూచుంది.